జగ్గమ్మ ఇచ్చిన గొలుసు

పొద్దున్నే జగ్గమ్మ ఇసకమీద చేపలు ఆరబెడుతుంటే కోడలు తులసి గంప లాగేసింది.

"సేపలు తరవాతత్తా! అప్పీలు గడువు రేపటితో అయిపోతాది. ప్లీడరు దగ్గరికి వస్తావా, రావా?"

"నానొచ్చి ఏటి సెప్పాలే?"

"ఆ గొలుసు నీదని సెప్పు!"

జగ్గమ్మ తల దించుకుంది. సంతలో తమ ఊరి చిన్నతల్లి మెడలో గొలుసు తెంపుకుపోయాడని కొడుకు వినోద్‌ని పోలీసులు పట్టుకెళ్లినప్పుడు, జగ్గమ్మ పరుగున వెళ్లి ఊరిపెద్దల ముందు తప్పు కట్టింది. భావనపాడులో ఏ తగవైనా అలా ఏదో ఒకటి ఇచ్చుకుంటేనే తెగుతుంది. ఎవరిది న్యాయమని ఎవరూ తవ్వరు. తన మెడలో గొలుసే తీసి చిన్నతల్లి చేతిలో పెట్టి, "నా బిడ్డని వదిలీండి" అని ఏడ్చింది.

కేసు మాత్రం ఆగలేదు. పోయిన గొలుసు ఇదేనని కోర్టులో చెప్పింది చిన్నతల్లి. తల్లే తెచ్చి ఇచ్చిందన్నారు పెద్దలు. పదిమందిలో ఒప్పుకున్నది కాదనలేక జగ్గమ్మ నోరు విప్పలేదు. వినోద్‌కి రెండేళ్ల జైలు పడింది. అప్పీలుకని నెల రోజులు బయట ఉండనిచ్చారు.

"పెద్దల ముందొక మాట, కోర్టులో ఒక మాట ఆడితే ఊళ్లో నాకు పరువుంటాదేటే?"

"నీ పరువు ఊళ్లో ఉంటాది, నా మొగుడు జైల్లో ఉంటాడు. బాగున్నాదత్తా!"

గడపలోంచి వినోద్ విసురుగా వచ్చాడు. "ఊరుకోయే తులసీ. మాయమ్మ మనసులో నాను దొంగనే."

"ఒరే! నీకోసమే కదేట్రా ఇచ్చేను!"

"తెంపేవేట్రా అని ఒక్కపాలి అడిగేవా? పోలీసోడైనా అడిగేడు. నువ్వు అడగలేదమ్మా!"

నిజమే, అడగలేదు. దూరాన వేరావల్ రేవులో చేపల బోట్లమీద పనికి వెళ్లిన మొగుడు తిరిగి రాని నాటి నుంచీ జగ్గమ్మకు ఒకటే భయం, ఇంకెవరూ గడప దాటి పోకూడదని. వాణ్ణి ఎలా దక్కించుకోవాలా అనే చూసింది గానీ, వాడి ముఖంలోకి చూడలేదు.

"తెంపేవేట్రా?" ఇప్పుడు వాడి ముఖంలోకి చూసి అడిగింది.

"నేదమ్మా." అంతవరకూ అరిచినవాడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

కొడుకు తల గుండెకి అదుముకుంది జగ్గమ్మ. తరవాత చేతులు కొంగుకి తుడుచుకుని వీధిలోకి నడిచింది. ఊరిపెద్ద ఎర్రన్న అరుగుమీద టీ తాగుతున్నాడు. ఆయన ముందు ఆగి, నాలుగిళ్లకీ వినపడేలా అరిచింది.

"ఇనుకో ఎర్రన్నా! ఆ గొలుసు నాది. నా కొడుకు దొంగ కాడు. ఇదే మాట కోర్టులో సెప్పడానికి పోతన్నాను."