విప్పి చూపించే ఆదివారం

ఆదివారం పొద్దున పెనం మీద దోసె వేస్తూ, కూతురు అమల చేసిన క్రేన్ వైపు చూసి విజయదుర్గ మొహం చిట్లించుకుంది. అట్టముక్కలు, రబ్బరు బ్యాండ్లు, నీళ్లు నింపిన సిరంజీలు. అందులో ఒకటి కారుతోంది కూడాను. ఈ సంబడానికి పిల్ల వారమంతా తిండి మీద ధ్యాస లేకుండా గడిపింది.

మన్సూరాబాద్‌లో వాళ్ల కాలనీవాళ్లంతా కలిసి కమ్యూనిటీ హాల్లో స్కూలు పిల్లలకు సైన్సు కేంద్రం నడుపుతున్నారు. పిల్లలు విప్పి చూడ్డానికి ఒకరు పాత మిక్సీ ఇస్తే ఇంకొకరు కుర్చీలు ఇస్తారు. రిటైరైన కృష్ణకుమారి టీచరు పాఠం చెబుతుంది. ఈరోజు పిల్లలు తాము చేసినవి పెద్దలకు చూపిస్తారు. సరూర్‌నగర్ నుంచి తోడికోడలు లలితకుమారి కూడా వస్తోంది. అసలు బాధంతా అదే. ఆవిడ ముందు ఈ కారే సిరంజీలూ, అట్టముక్కలా!

అందుకే విజయదుర్గ నిన్ననే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, పసుపురంగులో మెరిసిపోయే రెడీమేడ్ క్రేన్ కొనుక్కొచ్చింది.

"ఇది నాది కాదమ్మా," అంది అమల.

"నలుగురిలో నా పరువు తీయకు. పట్టుకెళ్లు."

అమల దోసె సగంలో వదిలేసి లేచింది.

హాల్లో అందరూ ఆ పసుపు క్రేన్ చుట్టూ మూగారు. విజయదుర్గ తోడికోడలి పక్కన దర్జాగా కూర్చుంది. ఒక్కనాడైనా ఆ గుమ్మం తొక్కిందా, అక్కడి పద్ధతి తెలియడానికి? ఎవరు చేసింది వాళ్లే అందరి ముందూ విప్పి, మళ్లీ బిగించాలి.

"మంచిగున్నది బిడ్డా. జర విప్పి చూపియ్యి," అంది టీచరు.

అమల ఎంత లాగినా ఊడి రాలేదు. అంతా జిగురుతో అతికించి ఉంది. పిల్ల మొహం కందిపోయింది.

"ఇది నేను చెయ్యలేదు టీచర్."

"మరి ఎవలు చేసిన్రు?"

అమల తల దించుకుంది కానీ తల్లి పేరెత్తలేదు. ఇంత చిన్న వయసుకే ఈ దొంగబుద్ధులేమిటోనని లలితకుమారి పక్కావిడతో గొణిగింది.

విజయదుర్గకు తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది, దొంగ అన్న పేరు కూతురికి మిగులుతుంది. లేచి నిలబడింది.

"కొన్నది నేనండీ. తను చేసింది తెస్తానంటే నేనే వద్దన్నాను."

అమల క్రేన్ వదిలేసి తల్లి దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆగలేదు.

"నేను చేసింది చూపించాలంటే నీకంత సిగ్గా అమ్మా?"

"సిగ్గుపడ్డాను తల్లీ. ఇప్పుడు నీకు మొహం చూపించాలంటే సిగ్గుగా ఉంది."

అమల అందరూ చూస్తుండగానే తల్లిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుంది. విజయదుర్గ భోరుమంది.