సగం టికెట్టు

మా ఊరి బజారులో కూర్మేశ్వర టాకీసుకి పేరు చెడిపోయింది. దీపాలు పెట్టే వేళ దాటితే ఆడవాళ్ల గేటు వైపు ఎవరూ నడవరు. లోపల్నించి పసిపిల్ల ఏడుపు వినిపిస్తుందట... దాని వెనకే ఎవరో జోకొడుతున్న చప్పుడు.

మరిచిపోకముందే రాస్తున్నాను. ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే గుర్తుండడం లేదు.

ఆ టాకీసు మొదట రేకుల షెడ్డు. తర్వాత మేడ లేచింది, బాల్కనీ వచ్చింది. జనం తగ్గాక పెళ్లిళ్లకి అద్దెకిచ్చారు. ఆ పైన ఎరువుల గోడౌను. ఇప్పుడు ఖాళీ. పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కడతారట.

ఆటలు ఆడిన రోజుల్లో ఆడవాళ్ల గేటు దగ్గర దానమ్మ ఉండేది. ఆట మధ్యలో ఏ బిడ్డ ఏడ్చినా వరండాలోకి తీసుకుపోయి ఆడించేది. తల్లి టికెట్టు చింపి, ఒక సగం బిడ్డ మణికట్టుకి దారంతో కట్టేది. రెండో సగం తల్లికిచ్చేది. చీకట్లో పిల్లలు మారిపోకూడదు కదా! ఆట వదిలాక ఆ ముక్క ఇస్తేనే బిడ్డనిచ్చేది. ఎంత తెలిసినవాళ్లయినా సరే, ముక్క లేదంటే కదిలేది కాదు.

దానమ్మ పోయి చాలా ఏళ్లయింది.

ఇక జరిగింది చేపలమ్మే అనూరాధ మా అరుగు మీద కూచుని చెప్పింది. ఆ సాయంత్రం అమ్మకం ముగించుకుని ఇంటికొస్తే కరెంటు లేదు. ఇంట్లో తల్లి బుల్లమ్మ లేదు... ఏడాది పాపా లేదు. బుల్లమ్మకి మతి నిలవడం లేదు.

వీధులన్నీ వెతికింది. చివరికి సోడాకొట్టు నాగబాబు చెప్పాడు.

"మీయమ్మ పాపనెత్తుకుని టాకీసులోకి ఎల్లింది. ఆపితే, 'ఆట మొదలైపోద్ది, తప్పుకోరా' అనీసింది."

"మరి నువ్వెల్లి సూడనేదా?"

"సీకటడినాక ఆ గేటు దాటనక్కా..."

"మీసాలెందుకురా నీకు!" అని తిట్టి, అనూరాధ ఫోను లైటు వేసుకుని ఒక్కతే లోపలికి పోయింది.

ఒకప్పుడు తెర ఉన్న గోడకేసి చూస్తూ బుల్లమ్మ నేల మీద కూచుంది. ఒళ్లో పాప లేదు.

"అమ్మా... పాపేదే?"

"ఏటే ఆ అరుపులు? దానమ్మకిచ్చీసినాను. ఆటయినాక తీసుకుందుము."

అప్పుడే వరండాలో పాప ఏడ్చింది.

అనూరాధ పరిగెత్తింది. ఫోను ఆరిపోయింది. స్తంభం వెనక ఎవరో కదిలారు...

"ముక్క సూపించమ్మా."

గుసగుస. పక్కనే.

"నా కూతురు తల్లీ... ఇచ్చీ..."

"ముక్క."

ఏడుపు దూరం జరిగింది.

అనూరాధ వెనక్కి వచ్చి తల్లి కాళ్ల మీద పడింది. "ముక్కెక్కడెట్టినావే?" చెంగు వెతికింది. రొంటి వెతికింది. వక్కాకు సంచి బోర్లించింది. లేదు.

బుల్లమ్మ ఆమె ముఖం తడిమి అడిగింది — "నువ్వెవులమ్మా?"

వరండాలో పాప ఏడుపు సన్నబడుతోంది... ఆ ఏడుపుకి బుల్లమ్మ చెయ్యి దానంతటదే లేచింది. కొప్పులోకి పోయింది. కాగితం ముక్క తీసింది.

అనూరాధ దాన్ని లాక్కుని చీకట్లోకి చాపింది. చల్లటి వేళ్లు అందుకున్నాయి... మరుక్షణం పాప బరువు ఆమె చేతుల్లో ఉంది.

ఇంటికొచ్చి దీపం దగ్గర చూస్తే, పాప మణికట్టుకి తెల్లదారం. దానికి గులాబీరంగు సగం టికెట్టు.

"మీ అమ్మే పాత టికెట్టేదో దాచుకుని కట్టి ఉంటుందే" అన్నాను.

"మరి నా సేతిలో ముక్క ఎవులు తీసుకున్నారమ్మా?" అని, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

నిన్న నా ట్రంకుపెట్టె సర్దుతుంటే, పెళ్లిచీర మడతలో గులాబీరంగు ముక్క దొరికింది. సగం టికెట్టు.

ఇద్దరు పిల్లలకీ ఫోను చేశాను. ఇద్దరూ పలికారు. "నీకు మేమిద్దరమే కదమ్మా" అంటున్నారు.

కావచ్చు... కానీ ఈ ముక్క ఇంకా నా దగ్గరెందుకుంది?

రేపు గోడలు పడగొడతారట. దీపాలు పెట్టే వేళయింది.

ముక్క కొప్పులో పెట్టుకున్నాను. దారిలో మరిచిపోతానేమో!