ఎర్ర సంచిలో స్వెటర్

"ఆ సంచి విప్పొద్దు!"

నేనెంత గట్టిగా అరిచానంటే, వెనక గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న ఫాని పిన్ని పెట్టె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

కౌంటర్‌కి అవతల ఆరడుగుల మనిషి. నెత్తి నుంచి వాననీళ్లు కారుతున్నాయి. ముడి విప్పబోయిన వేళ్లు గాల్లో ఆగిపోయాయి. రసీదు రాయడానికి పేరు, అడ్రసు అడిగానంతే. "తిహోమిర్" అన్నాడు. బాగానే ఉంది. "పాత రేకుల ఫ్యాక్టరీ, క్లీనింగ్ క్యాంపు" అన్నాడు. అప్పుడు అరిచాను.

"బట్టలేనండీ," అన్నాడు అమాయకంగా. "ఇది లాండ్రీయే కదా?"

"బయట పెట్టండి."

"బయట వాన."

"తడవనివ్వండి. తడిస్తేనే మంచిది."

"అబ్బో, దుమ్ముని తడపాలని తెలుసన్నమాట. మా పనిలో చేరతారా? మనుషులు తక్కువయ్యారు." నవ్వాడు. "మీ సముద్రం వాళ్లందరూ ఇలాగే అరుస్తారా?"

"మీ మైదానం వాళ్లందరూ ఇలాగే చావుని మూటగట్టుకుని తిరుగుతారా?"

అతని నవ్వు ఆగిపోయింది. నా మాటకి కాదు. కౌంటర్ మీదున్న నా చేతుల్ని చూశాడు. అవి రసీదు పుస్తకాన్ని సంచికి అడ్డంగా పట్టుకుని ఉన్నాయి.

"ఇవి పని బట్టలు కావు," అన్నాడు నెమ్మదిగా. "లోపల మాకు కాగితపు బట్టలిస్తారు. బయటికొచ్చేటప్పుడు మొదటి గదిలో విప్పి సంచిలో వెయ్యాలి, రెండో గదిలో స్నానం, మూడో గదిలో సొంత బట్టలు. లోపలికి వెళ్లిన గుడ్డ ఏదైనా సరే, మళ్లీ బయటికి రాదు."

"అందరూ అలాగే చెప్తారు."

సంచి భుజాన వేసుకుని వానలోకి వెళ్లిపోయాడు. ఫాని పిన్ని అతను వెళ్లినవైపే చూసి, "కుర్రాడు బాగున్నాడే," అంది. నేను కౌంటర్‌ని మూడుసార్లు తడిగుడ్డతో తుడిచాను.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఈసారి పారదర్శకమైన కవర్లో ఒకే ఒక్క నీలం చొక్కా. కవర్‌కి అంటించిన కాగితం మీద చేతిరాత: "ఈ చొక్కా ఏనాడూ ఫ్యాక్టరీ గేటు దాటలేదు. చర్చికి ఒకసారి, పిజ్జాకి రెండుసార్లు వెళ్లింది. మరక టమాటా సాస్‌ది. ఇందుకు నేనే సాక్షిని." కింద సంతకం.

"చొక్కాకి సర్టిఫికెటా!" పిన్ని పగలబడి నవ్వింది.

నేను నవ్వలేదు. చొక్కా తీసుకున్నాను. విడిగా రెండుసార్లు ఉతికాను. తర్వాత ఖాళీ మెషిన్‌ని మూడుసార్లు తిప్పాను. కాగితం మాత్రం పారెయ్యలేదు. ఎందుకో అప్పుడు నాకే తెలియదు.

* * *

మా ఊళ్లో పుట్టినవాళ్లెవరికీ నా భయం గురించి చెప్పక్కర్లేదు. సముద్రం ఒడ్డున ఆ ఫ్యాక్టరీలో డెబ్భై ఏళ్లు ఆస్బెస్టాస్ కలిపి సిమెంటు రేకులు చేశారు. అది మూతపడ్డాక, మిగిలిన రేకుల్నీ దుమ్మునీ తీసెయ్యడానికే తిహోమిర్ లాంటివాళ్లని బయటి ఊళ్ల నుంచి తెచ్చారు. మా నాన్న యెర్కో అక్కడ రేకులు కోసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల, కనుబొమలు, కోటు అన్నీ తెల్లగా ఉండేవి. ఆ కోటు భుజం మీద నేను వేలితో సూర్యుడి బొమ్మ గీసేదాన్ని. నాన్న వంగి నిలబడేవాడు, నాకు అందాలని. బొమ్మ పూర్తయ్యాక అమ్మ ఆ కోటు తీసుకుని బాల్కనీలో దులిపి, తొట్టిలో ఉతికి, తాడు మీద ఆరేసేది.

దుమ్ములో నిలబడ్డ నాన్నకి ఏమీ కాలేదు. దుమ్ము దులిపిన అమ్మ పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల పొరకి వచ్చే జబ్బుతో. అంత్యక్రియల మర్నాడు నాన్న బాల్కనీ తాడుని కత్తితో కోసేశాడు. అప్పటి నుంచి మా ఇంట్లో బట్టలు గదిలోనే ఆరతాయి.

ఏటా మార్చిలో నేను ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటాను. ఆ కాగితం చేతికొచ్చే వరకు మెట్లెక్కుతూ నా ఊపిరిని నేనే వింటాను. ఆ సూర్యుడి బొమ్మలు నా లోపల ఎక్కడో ఇంకా ఉన్నాయేమోనని.

ఇలాంటిదాన్ని నేను. ప్రేమలో పడ్డానికి ప్రపంచంలో ఇంకెవరూ దొరకనట్టు ఆ గేటు లోంచి వచ్చేవాడే దొరికాడు.

వారానికో చొక్కా తెచ్చేవాడు. వారానికో సర్టిఫికెట్. "ఈ చొక్కా నిన్న లాండ్రీ అమ్మాయి కిటికీ ముందు నుంచి నాలుగుసార్లు నడిచింది. అంతకుమించి నేరమేమీ చెయ్యలేదు." జూన్‌కి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. జులైకి సాయంత్రాలు సముద్రపు గట్టు మీద ఐస్‌క్రీమ్ వచ్చింది. మైదానం మనిషి కదా, అలలు కాళ్లని తాకితే పిల్లాడిలా ఎగిరేవాడు. అది చూస్తే నాకు కడుపు నిండిపోయేది.

ఒకసారి చేపముల్లు గొంతులో పడి దగ్గాడు. రెండే రెండు దగ్గులు. నా చేతిలోంచి ఫోర్కు జారిపోయింది.

"ముల్లు, వింకా! ముల్లు!" అని తీసి చూపించాడు. "చూడు, ఎంత ఆరోగ్యమైన ముల్లో."

ఆ సాయంత్రమే గట్టు మీద ఐస్‌క్రీమ్ తింటూ అడిగాను, "మీరు తీసేశాక అక్కడ ఏం కడతారు?"

"రేకుల్ని పగలగొట్టకుండా, తడుపుతూ మరలు విప్పి ఒక్కోటీ దించుతున్నాం. తర్వాత అర మీటరు లోతు మట్టి చెక్కేస్తాం. కొండ మీంచి మంచి ఎర్రమట్టి తెచ్చి పరుస్తాం. ప్రతి మూలా పరీక్ష చేస్తారు. తర్వాత పార్కు, చిన్నపిల్లల బడి."

"పిల్లలు ఆ మట్టిలో ఆడతారా?"

"ఆడతారు."

"నీ పిల్లలైతే ఆడనిస్తావా?"

కాసేపు ఐస్‌క్రీమ్ వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అది నువ్వే చెప్పాలి," అన్నాడు.

ఆ సంతోషంతో ఇంటికెళ్లి నాన్నకి చెప్పేశాను. నాన్న చదువుతున్న పేపరు మడిచాడు.

"ఆ గేటు లోంచి వచ్చేవాడు నా గడప తొక్కడు, తల్లీ," అన్నాడు. "నువ్వు కావాలంటే వెళ్లు, నేను ఆపను. కానీ వాడు ఇక్కడికి రాడు."

నాన్న దీవెన లేకుండా నేను పెళ్లి చేసుకోనని నాకు తెలుసు. నాన్నకీ తెలుసు.

* * *

అక్టోబర్‌లో అమ్మ పెట్టె తెరిచాను. ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాన్న కోసమని మొదలుపెట్టిన స్వెటర్ సగంలో ఆగి ఉంది. పాచిరంగు ఉన్ని. వీపు, ఛాతీ అమ్మ చేతివి. చేతులు నేను అల్లాను, తిహోమిర్ కోసం. అల్లుతుంటే నాన్న చూశాడు, ఉన్నిని గుర్తుపట్టాడు, లేచి వెళ్లిపోయాడు.

తిహోమిర్ తొడుక్కుని చేతులు చాపి చూసుకున్నాడు. "ఎడమ చెయ్యి మీద నీకు ప్రేమ కొంచెం ఎక్కువైనట్టుంది."

"ఇష్టం లేకపోతే విప్పెయ్."

"చస్తే విప్పను."

జనవరిలో ఉత్తరపు గాలి మొదలైంది. మా బూరా గాలి వస్తే పడవలు కూడా గట్టుకి కట్టేసుకుని వణుకుతాయి. అలాంటి చలిలో తిహోమిర్ స్వెటర్ లేకుండా వచ్చాడు. ఒకరోజు, రెండ్రోజులు, వారం.

"ఏదీ?" అన్నాను, అతని చేతుల్లో ఒదిగి.

"ఏది?"

"నా స్వెటర్."

"అదా... ఉతకడానికి వేశాను."

ఊళ్లో ఉన్నది ఒకటే లాండ్రీ. మాది.

"ఎక్కడ వేశావు?"

"క్యాంపులో మెషిన్ ఉంది."

"మెషిన్ ఉంటే ఏప్రిల్ నుంచి చొక్కాలు నాకెందుకు తెస్తున్నావు?"

నేల చూశాడు. ఎందుకు మాసింది? ఎక్కడ మాసింది?

"దాన్ని లోపలికి వేసుకెళ్లావా?"

నన్ను పట్టుకున్న చేతులు వదిలాడు.

"తిహో, వేసుకెళ్లావా?"

"...వేసుకెళ్లాను. కానీ విను..."

నేను వినలేదు. అప్పటివరకు నా చెంప అతని భుజం మీద ఉంది. ఏ భుజం మీద? ఏ దుమ్ము? "రాకు! నా దగ్గరికి రాకు!" అని వెనక్కి వెనక్కి నడిచి, తర్వాత పరిగెత్తాను. మా మెట్ల మీదే కోటు విప్పి, సంచిలో కుక్కి, మూతి బిగించి కట్టాను. స్నానాలగదిలో చర్మం మండేదాకా రుద్దుకున్నాను. అయినా గొంతులో ఏదో గీసుకుంటున్నట్టే ఉంది. అమ్మ కూడా మొదట అలాగే అంది, గొంతులో ఏదో గీసుకుంటోందని.

నాన్న మెట్ల మీద సంచిని చూశాడు. నా ఎర్రబడ్డ మెడని చూశాడు. ఆయన ముఖం సున్నంలా తెల్లబడింది, పాత రోజుల్లోలాగే.

* * *

ఆదివారం మధ్యాహ్నం. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది, పక్కన మొక్కజొన్న సంకటి. తలుపు చప్పుడైంది. నాన్న గొలుసు తియ్యకుండానే తలుపు సందు తెరిచాడు.

"సార్, నేను తిహోమిర్‌ని. వింకాకి ఒక్క మాట చెప్పి వెళ్లిపోతాను. లోపలికి రాను."

"నాకు చెప్పు," అన్నాడు నాన్న. "ఆ ఉన్ని నా భార్యది. ఆ స్వెటర్ ఎక్కడుంది?"

నేను వంటగది గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఎర్ర సంచిలో వేశాను, సార్."

"ఏ ఎర్ర సంచి?"

"లోపలి చెత్తకి వాడే సంచి. దాని మీద ఇంకో సంచి, దాని మీద టేపు. ఇప్పుడది రేకులతో పాటు గొయ్యిలో ఉంది. పైన కాంక్రీటు పోస్తారు." బూరా గాలికి అతని మాటలు ముక్కలవుతున్నాయి. "ఆ రోజు చలి ఎక్కువగా ఉందని కాగితపు బట్టల కింద వేసుకున్నాను. రేకులు దించేచోట కట్టిన గుడారం బయటే కదా నా పని అనుకున్నాను. వేసుకోకూడదు. తప్పు నాదే. గాలికి గుడారం చిరిగింది. లోపలి దుమ్ము మీద పడింది."

"ఊఁ."

"విప్పాక రెండో గదిలో నీళ్ల కింద దాన్ని పట్టుకుని నిలబడ్డాను. మేస్త్రీ బయటి నుంచి తిడుతున్నాడు. కవర్లో దాచి తెచ్చేద్దామనుకున్నాను. పదిసార్లు ఉతికితే పోతుందేమో అనుకున్నాను. అప్పుడు... మొదటిరోజు వింకా అరిచిన కేక చెవిలో పడింది. ఆ సంచి విప్పొద్దు అని. ఇక తేలేకపోయాను."

"ఆ మాట దానికెందుకు చెప్పలేదు?"

"వాళ్లమ్మ చేత్తో అల్లింది. దాన్ని చెత్తలో పారేశానని ఏ నోటితో చెప్పను? అందుకని అబద్ధమాడాను. అది కూడా లాండ్రీ నడిపే అమ్మాయితో, ఉతకడానికి వేశానని."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

నాన్న తలుపుకి నుదురు ఆనించాడు. అమ్మ పోయాక ఒక్కసారి కూడా ఎత్తని మాట అప్పుడు ఎత్తాడు.

"పెళ్లైన ఏడాది నా భార్య నాకో కోటు కొనిచ్చింది. ఇష్టంగా ఉండేది నాకు. ఇరవై రెండేళ్లు అదే వేసుకుని పనికెళ్లాను. ప్రతి సాయంత్రం ఇంటికి తెచ్చాను. ఆమె పాటలు పాడుకుంటూ దులిపేది."

"ఆ దుమ్ము సంగతి ఎవరూ మీకు చెప్పలేదు, నాన్నా," అన్నాను వెనక నుంచి.

"చెప్పలేదు. కానీ తెచ్చింది నేనే." తలుపు సందులోకి చూశాడు. "నువ్వు నా భార్య స్వెటర్‌ని చెత్తలో పారేశావు."

"అవును, సార్."

"మంచి పని చేశావు."

గొలుసు తీసిన చప్పుడైంది.

"సార్ ఏంటి, సార్? ఇక్కడ పెద్దవాళ్లని బార్బా అంటారు. మీ మైదానంలో నేర్పలేదా? రా లోపలికి. పులుసు చల్లారిపోతోంది."

తిహోమిర్ గడప ముందు ఆగి, బూట్లు విప్పి, సాక్సులు కూడా విప్పి, కోటు దులపబోయి, ఠక్కున ఆగిపోయాడు. నాన్న చూశాడు. మొదటిసారి నవ్వాడు.

"దులపకు. అలాగే రా."

* * *

మార్చిలో ఎక్స్‌రేకి ఇద్దరం వెళ్లాం. కాగితం వచ్చేదాకా నా ఊపిరిని అతను కూడా లెక్కపెట్టాడు. ఏమీ లేదన్నారు. వచ్చే మార్చికి మళ్లీ భయపడతాను. కానీ ఒక్కదాన్నే కాదు.

మేలో పెళ్లయింది. ఇప్పటికి మూడు వారాలు. నాన్న ఇంటి పై అంతస్తులో ఉంటున్నాం. మా ఆయన నిద్రలో కూడా అలల గురించి మాట్లాడతాడు. పొద్దున్నే కాఫీలో బిస్కెట్టు ముంచి, అది విరిగి పడిపోతే నా వైపు జాలిగా చూస్తాడు. ఇంత చిన్న విషయాలు ఇంత బాగుంటాయని నాకెవరూ చెప్పలేదు.

ఫ్యాక్టరీ చోట ఎర్రమట్టి పరిచారు. నాలుగు మూలలా తీసిన మట్టి పరీక్షలో శుభ్రంగా వచ్చింది. నాన్న రోజూ కంచె దాకా వెళ్లి, గడ్డి ఎంత మొలిచిందో చూసొచ్చి మాకు చెప్తాడు.

ఈ పొద్దున సుత్తి చప్పుడుకి లేచాను. నాన్న బాల్కనీలో మేకు కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరికి కొత్త తాడు కడుతున్నాడు. లాగి చూసుకుని, క్లిప్పుల డబ్బా నా చేతికిచ్చాడు.

ఉతికిన బట్టల్లో పైన నీలం చొక్కా ఉంది. పిజ్జాకి రెండుసార్లు వెళ్లింది. దాన్ని తాడు మీద వేసి, క్లిప్పు పెట్టబోతుండగా గాలి తిరిగింది. ఫ్యాక్టరీ వైపు నుంచి. నా చెయ్యి ఆగిపోయింది. వెనక మా ఆయన కూడా కదల్లేదు.

నాన్న కళ్లు మూసుకుని ఆ గాలిని నిండా పీల్చాడు.

"ఆరెయ్యి, తల్లీ," అన్నాడు.

నేను క్లిప్పు పెట్టాను.