పాత ఛానెల్లో ఆడగొంతు

ఎర్రగుంట్ల దాటినాక వాడకం మానేసిన సున్నపురాయి గని ఒకటుండాది. శానా లోతు, అడుగున నల్లటి నీళ్లు. పొద్దు మునిగితే లారీవోళ్లు గూడా హారన్ కొట్టుకుంటా పోతారు. లోపలుండేది ఆడదెయ్యమా, మగదెయ్యమా అని టీ అంగడి కాడ కొట్టుకున్నోళ్లుండారు. చూసినోడు మాత్రం ఒక్కడూ లేడు.

మొన్న చలికాలంలో ఆడ భూపేష్‌కు జరిగింది, ఆయప్ప చెప్పినట్టే చెప్తాండా.

భూపేష్ రేడియో మెకానిక్. పక్కనుండే కొత్త గనిలో వాళ్లు వాడే పాత వాకీటాకీల్లో క్రిస్టల్ అని చిన్న బిళ్ల ఉంటాది. ఒక బిళ్లకు ఒకటే ఛానెల్. గనికి కొత్త ఛానెల్ ఇచ్చినారు, దానికి బిళ్లలు యాడా దొరకలేదు. అందుకని సెట్లన్నిటికీ సింథసైజర్ బోర్డులు బిగించినాడు. బటన్ నొక్కితే కావాల్సిన ఛానెల్.

పగలు రాళ్లు పేలుస్తారు, మందు పెట్టిన చోట రేడియో వాడకూడదు. అందుకే చీకటి పడినాక, ఎంతదూరం ఇనపడతాదో చూద్దామని బండేసుకొని పాత గని గట్టు మీదికి పోయినాడు.

కొత్త గని కాడ నుంచి లారీ డ్రైవర్ లేవి పలికినాడు. "బాగా ఇనపడతాండాదప్పా!"

సంబరం ఆగక భూపేష్ బటన్ నొక్కుతా పోయినాడు... గర్‌ర్‌ర్... పాత ఛానెల్ తగిలింది.

"...ఎవురన్నా... ఉండారా..."

ఆడగొంతు. వణుకుతాండాది.

ఆ ఛానెల్ ఇప్పుడు ఎవురూ వాడరు, పాత బిళ్ల సెట్టు ఒక్కటీ మిగల్లేదు — తన చేతుల్తోనే అన్నీ మార్చినాడు!

"...నీళ్ల మీద ఉండా... రాప్పా..."

భూపేష్ సెట్టును గట్టిగా పట్టుకొని ఆంజనేయ దండకం ఎత్తుకున్నాడు. సగమే వస్తాది. మిగతా సగం తెలిసిన దేవుళ్ల పేర్లతో నింపినాడు. వేలు మాట్లాడే బటన్ మీద ఉండాదని గమనించలేదు. చెమటకు వేలు జారి బటన్ వదిలింది.

"తప్పులు సదువుతాండావు," అనింది గొంతు. "ముందు తాడు తీసుకరా!"

"ఎవురు... తల్లీ?"

"కొత్త గని కాపలా మద్దమ్మనురా! మేక ఈ పాత గనిలోకి దిగితే దాని ఎనకాల దిగి జారినా. ఒంటిచేత్తో రాయి పట్టుకొని ఉండా, చెయ్యి లాగుతాండాది. నా పాత సెట్టు బాగుండాది, నీకిస్తే పాడుచేస్తావని ఇయ్యలేదు... పాపిష్టిదాన్ని, అందుకే ఎవురూ పలకల్యా!"

దెయ్యాలు గూడా పేర్లు చెప్తాయి. అయినా... నిజంగా మద్దమ్మే అయితే?

కొత్త ఛానెల్‌కు తిప్పి లేవిని కేకేసినాడు. లేవి తాడు తెచ్చినాడు. ఇద్దరూ అరిచేతులు ఒరుసుకుపోయేదాకా లాగినారు. మేక ఎప్పుడో పైకెక్కి, నిమ్మళంగా మేస్తాండాది.

మద్దమ్మను గట్టు మీద కూచోబెట్టినారు. భూపేష్ ఊపిరి పీల్చుకొని టార్చి ఆమె పాదాల మీదికి కొట్టినాడు.

ఒక పాదం ముందుకుండాది.

ఇంకోటి... ఎనక్కి తిరిగుండాది.

టార్చి పారేసి, బండిని గూడా మర్చిపోయి, రోడ్డెంట పరిగెత్తినాడు భూపేష్.

ఎనక నుంచి మద్దమ్మ కేకలు:

"రేయ్! అది ఇరిగిన కాలురా! ఆస్పత్రికి తీసకపోరా నాయనా!"