కాటా షెడ్డు దగ్గర తిరిగిన చక్రం

ఊరి చివర మూతపడ్డ కాటా షెడ్డు ఉందే, దానికి మంచి పేరు లేదు. లారీలు తూచేవాడొకడు అక్కడే లారీ చక్రం కింద పడి చనిపోయాడట. అప్పట్నుంచీ చీకటి పడితే చాలు, చక్రం తిరుగుతున్న చప్పుడు... మనిషి మాత్రం ఉండడు.

అవన్నీ పనిలేనివాళ్ల కబుర్లని సైకిల్ మెకానిక్ కొట్టిపారేసేవాడు. ఆయనకు దెయ్యాలంటే ఎంత చులకనో, బావమరిదంటే అంతకు రెండింతలు.

బావమరిది బట్టల కొట్లో గుమాస్తా. సైకిలేసుకుని పోయి గుడారంలో పడుకోవాలని ఉన్నట్టుండి వాడికి సరదా పుట్టింది.

"నువ్వా? మేడ మీద పడుకోవాలంటేనే మీ అక్కను తోడు రమ్మంటావు," అన్నాడు మెకానిక్. తను బిగించిన సైకిలొకటి చేతికిచ్చి పందెం కూడా వేశాడు. కాటా షెడ్డు దగ్గర తెల్లారేదాకా ఉంటే సైకిల్ వాడిది. ముందే కదిలితే మళ్ళీ షాపుకే.

వాడు బయల్దేరిన వాలకం చూడాలి. రెండు దిండ్లు, కుక్కరు, గొడుగు... ఇల్లు ఖాళీ చేసి పోతున్నాడనుకున్నారు వీధిలోవాళ్లు.

రాత్రి పన్నెండింటికి ఫోను. "బావా... చక్రం..." అంటూనే పెట్టేశాడు.

మెకానిక్ నవ్వుకుంటూ వెళ్ళాడు. గుడారం పక్కన సైకిల్ తలకిందులుగా నిలబెట్టి ఉంది. వెనక చక్రం తిరుగుతోంది — టిక్... టిక్... ఆగుతోంది. మళ్ళీ తిరుగుతోంది.

టార్చి వేశాడు. గుడారం తాడు తీసుకెళ్ళి పెడల్‌కి కట్టాడీ ఘనుడు. లోపల వణికి దొర్లినప్పుడల్లా తాడు పెడల్‌ని లాగుతోంది.

"నీ దెయ్యం నువ్వేరా. నీ తెలివి తెల్లారినట్టే ఉంది." తాడు విప్పి వాడి ఒళ్ళోకి విసిరాడు. "పద. సైకిల్ షాపుకి."

వాడు తాడుకేసి కాసేపు చూశాడు. "ఇంకా తెల్లారలేదుగా బావా. నువ్వూ ఓ కునుకు తియ్యి."

"భయమేస్తోందని చెప్పరాదూ," అంటూ మెకానిక్ ఓ దిండు లాక్కుని పడుకున్నాడు.

కన్నంటుకుందో లేదో — టిక్.

తాడు విప్పేశాడు కదా. తన చేతులతోనే విప్పాడు.

టిక్... టిక్...

"ఒరేయ్," గుసగుసగా పిలిచాడు. పక్కన వాడు గురక పెడుతున్నాడు.

టిక్ టిక్ టిక్ టిక్...

ఎటు పరిగెత్తాడో ఆయనకే తెలియదు. చెప్పులూ టార్చీ అక్కడే ఉండిపోయాయి.

బాగా ఎండెక్కాక బావమరిది ఈల వేసుకుంటూ షాపు ముందు సైకిల్ దిగాడు. "ఎంత హాయిగా ఉందో బావా, చల్లగాలి, చుక్కలు... వచ్చేవారం కూడా వెళ్తాను," అంటూ చెప్పులు కింద పెట్టాడు.

పందెం ప్రకారం సైకిల్ ఇక వాడిదే. మెకానిక్ చెప్పులు తొడుక్కుందామని తల వంచాడు.

వాడి కాలి బొటనవేలికి తాడు ముక్క ఇంకా కట్టే ఉంది.