ఎనిమిది సెకన్ల తర్వాత తాబేలు

"ఇది తాబేలు కాదు. ఆటో హారన్," అంది ఆమె.

శ్యామసుందర్ హెడ్‌ఫోన్స్ మెడ మీదికి దించాడు. బరంపురం గిరి రోడ్‌లో జిరాక్సు షాపు పైగదిలో అతను ఆరేళ్లుగా రికార్డింగులు చేస్తున్నాడు. పెళ్లి వీడియోలకి చేశాడు, భజన మండళ్లకి చేశాడు, చీరల షాపు ప్రకటనలకి చేశాడు. తాబేలుకి మ్యూజిక్ చేయడం ఇదే మొదలు.

"హారన్ అని ఎందుకంటున్నారు?"

"మీట నొక్కగానే శబ్దం మొత్తం వచ్చి మీద పడుతోంది. వదలగానే పోతోంది. హారన్ కాకపోతే ఏమిటి?"

మాటలు ఒడియాలో నడుస్తున్నాయి. బరంపురంలో కొత్త మనిషితో ఎవరైనా ఒడియాలోనే మొదలుపెడతారు. ఆమె పేరు సౌందర్య. ఒక ప్రైవేటు స్కూల్లో డాన్సు టీచరు. పిల్లలు 'అపా', అంటే అక్కా, అంటారు కాబట్టి అతనూ అపా అనే అంటున్నాడు. జులై రెండో ఆదివారం ఛత్రపూర్‌లో వనమహోత్సవం. అందులో ఆమె స్కూలు పిల్లలు పన్నెండు మంది తాబేళ్ల డాన్సు చేయాలి. పాట నాలుగు నిమిషాలు.

"మీరు తాబేళ్లు ఒడ్డుకి రావడం చూశారా?" అని అడిగింది.

"ఫోన్లో చూశాను."

"నేను మార్చిలో రుషికుల్యా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర చూశాను. ముందు ఏమీ ఉండదు, నీళ్లే. తర్వాత నీళ్లలో ఒక రాయి కనిపిస్తుంది. ఇందాక అక్కడ రాయి లేదే అనుకుంటాం. అనుకునేలోపు అది కదులుతుంది. నాకు ఆ శబ్దం కావాలి."

"రాయి శబ్దమా?"

"రాయి కదిలే శబ్దం."

"అపా, రాయి కదిలితే గరగరమంటుంది."

ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. అతను అది చూశాడు.

లేచి వెళ్లి ఫాన్ ఆపాడు. రెక్కలు పూర్తిగా ఆగేదాకా నిలబడి, మళ్లీ స్విచ్ వేశాడు.

"చూడండి. స్విచ్ వేయగానే గాలి వచ్చిందా? లేదు. వేగం అందుకోవడానికి టైం తీసుకుంటోంది. దాన్ని ఎటాక్ అంటాం. ఇప్పుడు ఒకే వేగంలో తిరుగుతోంది, ఇది సస్టెయిన్. ఇదిగో, ఆపేశాను. ఆగిందా? ఇంకా తిరుగుతోంది. ఇది రిలీజ్. ఎటాక్ అయ్యాక కాస్త తగ్గితే డికే అంటాం. మా ఫాన్‌కి అది లేదు."

"మీ ఫాన్ నయం. మీ సంగీతానికి నాలుగూ లేవు."

అతను స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. సాఫ్ట్‌వేర్‌లో ఒక గీత, దాని మీద నాలుగు చుక్కలు.

"ఈ గీత పేరు ఎన్వలప్. ఇది శబ్దాన్ని ఎప్పుడు పెంచాలో ఎప్పుడు తగ్గించాలో చెబుతుంది. ఇలాంటి గీతనే ఇంకో పనికి కూడా కట్టొచ్చు. ఇక్కడ ఫిల్టర్ ఉంది. అది మూసి ఉంటే శబ్దం తలుపు అవతలి మాటలా ఉంటుంది. రెండో ఎన్వలప్ ఆ తలుపుని నాలుగు నిమిషాల్లో తెరుస్తుంది. మూడోదాన్ని అలల చప్పుడుకీ తీగ నాదానికీ మధ్య కడతాను. చప్పుడు తగ్గుతూ నాదం పెరుగుతుంది."

"మీట ఒకటేనా?"

"ఒకటే. నొక్కి పట్టుకుంటే చాలు. ఈ క్షణంలో విన్నది పై క్షణంలో ఉండదు."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని మౌస్ తీసుకుంది. ఎటాక్ చుక్కని కుడివైపుకి లాగింది. ఎనిమిది సెకన్ల దగ్గర ఆపింది.

"అపా, ఎనిమిది సెకన్లు ఏమీ వినిపించదు. కరెంటు పోయిందనుకుంటారు జనం."

"అనుకోనివ్వండి. పిల్లలు స్టేజి మీద రాళ్లలా పడుకుని ఉంటారు. జనం రాళ్లని చూస్తారు."

అతను వాదించలేదు. ఆమె చేయి తన చేతికి జానెడు దూరంలో ఉంది. వాదించే స్థితిలో లేడు.

ఆ తర్వాత మూడు వారాలు ఆమె స్కూలు అయ్యాక నాలుగున్నరకి వస్తూనే ఉంది. ఫైల్ పేరు 'తాబేలు ఫైనల్ ఒకటి' నుంచి 'ఫైనల్ ఏడు' దాకా వచ్చింది. తన సంగతి శ్యామసుందర్‌కి మొదటి వారంలోనే అర్థమైంది. అర్థమై భయం పట్టుకుంది.

భయం అమ్మ గురించి. దానమ్మ సోంపేట దగ్గర పల్లె నుంచి కోడలిగా వచ్చి ముప్పై మూడేళ్లు. ఉండేది తెలుగు వీధి. బేరమాడే ఒడియా వచ్చు, మనసులో మాట చెప్పుకునే ఒడియా రాదు. పెద్ద కొడుకు ఈశ్వర్‌కి ఖల్లికోటలో రైల్వే ఉద్యోగం. అతని భార్య రేష్మది కటక్, తెలుగు మాట్లాడడం రాదు. వచ్చి రెండేళ్లయింది.

"పెద్దకోడలు మంచిది. నాను కాదన్లేదు," అంది దానమ్మ ఒకరోజు. "గానీ పొద్దల్లా ఇద్దరం ఒకింట్లో ఉండి ఉప్పు, కారం, గ్యాసు, ఈ మూడు మాటలే. సిన్నోడా, నువ్వైనా నాను మాటాడ్డానికి ఒక మనిసిని తీసుకొస్తావా?"

తెస్తానని చేతిలో చెయ్యి వేశాడు. వేసింది ఏప్రిల్లో. జూన్లో సౌందర్య మెట్లెక్కి వచ్చింది.

కాబట్టి నోరు విప్పకూడదని నిర్ణయించుకున్నాడు. డాన్సు అయిపోతుంది, ఫైల్ ఇచ్చేస్తాడు, అంతే. నిర్ణయం బాగానే ఉంది. రోజూ నాలుగు గంటలకి మొహం కడుక్కోవడం మాత్రం మానలేకపోయాడు.

షోకి వారం ఉందనగా ఆమె కొత్త చిక్కు తెచ్చింది.

"పాట ఎప్పుడు మొదలైందో పిల్లలకి తెలియడం లేదు. సగం మంది మూడో సెకన్లోనే తలలెత్తేస్తున్నారు."

"నేను చెప్పాను."

"చెప్పారు. ఇప్పుడు ఉపాయం కూడా చెప్పండి."

"ప్రాక్టీసుకి వేరే ఫైల్ చేద్దాం. మొదటి ఎనిమిది సెకన్లూ మీ గొంతుతో లెక్క. నాలుగు రోజులు దాంతో చేస్తే అలవాటవుతుంది."

వాన పడుతోంది. పైకప్పు రేకులది కాబట్టి వాన ఆగేదాకా మైకు తెరవడానికి లేదు. ముప్పావు గంట ఆగారు. కింది షాపు నుంచి రెండుసార్లు టీ వచ్చింది. ఆ వాన ఆగకపోయినా ఇద్దరికీ ఇబ్బంది ఉన్నట్టు లేదు.

ఆగాక ఆమె కంబళ్లు కట్టిన మూలలోకి వెళ్లి మైకు ముందు నిలబడింది. "ఏక, దుఇ, తిని, చారి" అంటూ ఎనిమిది దాకా ఒడియాలో లెక్కపెట్టింది. ఒక్క టేకులో అయిపోయింది.

అతను ఫైల్ సేవ్ చేస్తున్నాడు. మైకు ఇంకా ఆపలేదు. ఆమెకి అనుమానం వచ్చినట్టుంది, గోడ గడియారం చూస్తూ తనలో తను మరోసారి సరిచూసుకుంది. గొంతు ఎత్తలేదు, ఊపిరే. హెడ్‌ఫోన్స్‌లో అది అతని చెవిలో చెప్పినట్టే వినిపించింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది."

శ్యామసుందర్ హెడ్‌ఫోన్స్ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"మీది ఏ ఊరు?" అన్నాడు తెలుగులో.

"ఛత్రపూర్. నాన్న రైల్వేలో గార్డు సేసి రిటైరయ్యారు," అంది కంబళి పక్కకి తీస్తూ. రెండడుగులు వేసి ఆగిపోయింది. "ఏటి? మీరు తెలుగోళ్లా?"

"మరి మీరేటి?"

"మూడు వారాలబట్టి ఒడియాలో ఎందుకు సంపుతున్నారు నన్ను?"

"మీరే మొదలెట్టారు."

"నేనా? మెట్లకాడ నిలబడి 'ఆసన్తు' అన్నదెవరు?"

"ఎవరొచ్చినా రండనడానికి ఆసన్తు అనే అంటాను. మా అమ్మొచ్చినా అనీస్తాను."

ఆమె కుర్చీలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. ఈసారి కిటికీ వైపు తిరగలేదు. అతనికి నవ్వు రాలేదు. రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"ఏటయింది మీకు?"

"ఏటీ లేదు. ఊపిరొచ్చింది."

"ఒక మాట సెప్పనా?" అంది ఆమె. "నాలుగో ఫైలు బాగానే ఉంది. బాలేదని ఊరికే అన్నాను."

"తెలుసు. అందుకే అయిదులో ఏటీ మార్చలేదు. పేరే మార్చి ఇచ్చాను."

"అయిదు కూడా బాలేదన్నాను కదా."

"అన్నారు. అప్పుడే అనుకున్నాను, నాకొక్కడికే కాదని."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అతను అమ్మకి ఇచ్చిన మాట సంగతి చెప్పాడు. రేష్మ సంగతి, ఉప్పు కారం గ్యాసు సంగతి, ఏదీ దాచలేదు. ఆమె అంతా విని, "అయితే ఇప్పుడు నేనేటి సెయ్యాలి?" అంది.

"ఒక్కసారి మా అమ్మతో మాటాడాలి."

"దేని గురించి?"

"నేను మిమ్మల్ని పెళ్లి సేసుకోవాలనుకుంటన్న దాని గురించి."

ఆమె స్క్రీన్ వైపు చూసింది. "ముందు ఆ ఫైలు సేవ్ సెయ్యండి," అంది. అతను సేవ్ చేశాక, "మీ అమ్మగార్ని ఛత్రపూర్ తీసుకురండి. మా నాన్న కూడా వస్తారు," అంది.

దానమ్మ నమ్మలేదు.

"తెలుగు పిల్లా? ఒడియా పిల్లకే నాలుగు ముక్కలు నేర్పీసుంటావు. నానెరగనా నీ సంగతి. వొస్తాను, సూస్తాను, అప్పుడు సెప్తాను."

ఆదివారం ముగ్గురూ ఛత్రపూర్ వెళ్లారు. హాల్లో వెనక సౌండ్ బల్ల దగ్గర ఆపరేటరు, శ్యామసుందర్, బల్లకి ముందు వరసలో దానమ్మ, రేష్మ. పొద్దుటి నుంచి శ్యామసుందర్ టీ తప్ప ఏమీ తాగలేదు, తినలేదు.

లైట్లు తగ్గాయి. స్టేజి మీద పన్నెండు మంది పిల్లలు గోధుమరంగు గుడ్డలు కప్పుకుని బోర్లా పడుకున్నారు. ఆపరేటరు మీట నొక్కాడు. ఏమీ వినిపించలేదు.

మూడో సెకన్లో ఎవరో దగ్గారు. నాలుగో సెకన్లో దానమ్మ వెనక్కి తిరిగింది. "ఏటిరా, పాట రాలేదు?" అయిదో సెకన్లో ఆపరేటరు మీట వైపు చెయ్యి చాపాడు. శ్యామసుందర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆపరేటరు వదిలించుకోబోయాడు. ఇతను వదల్లేదు.

ఎనిమిదో సెకన్లో అలల చప్పుడు ఉన్నట్టు తెలిసింది. వచ్చిందా, అంతకుముందే ఉందా అన్నది చెప్పడం కష్టం. పిల్లలు కదల్లేదు. చప్పుడు కింద నుంచి నాదం లేచింది. ఇరవయ్యో సెకన్లో ఒక రాయి తల ఎత్తింది. హాల్లో మాటలు ఆగిపోయాయి. ఆపరేటరు తన చెయ్యి వెనక్కి తీసుకుని, "ముందే చెప్పొచ్చు కదా," అన్నాడు.

దానమ్మ స్టేజి వైపు తిరిగింది. పాట అయ్యేదాకా మళ్లీ వెనక్కి చూడలేదు.

డాన్సు అయ్యాక సౌందర్య వరండాలోకి వచ్చింది. వెనక ఆమె తండ్రి తిరుమలరావు. బయట మళ్లీ వాన. శ్యామసుందర్ అమ్మని చూపించబోయాడు. అప్పటికే రేష్మ ఎదురెళ్లి డాన్సు గురించి ఏదో అడిగింది. సౌందర్య జవాబు చెప్పింది. ఇద్దరూ ఒడియాలో పడిపోయారు. రెండు నిమిషాలయ్యాయి, అయిదయ్యాయి. మాట ఆగడం లేదు.

దానమ్మ చీర కొంగు చుట్టుకుని స్తంభం పక్కన నిలబడింది. "సూసినావా," అంది కొడుకుతో. "ఈ పిల్లా ఒడియాలోనే. నాకు మళ్లీ గ్యాసు, ఉప్పే."



సౌందర్య రేష్మ చెయ్యి పట్టుకుని తల్లీకొడుకుల దగ్గరికి వచ్చింది.

"అత్తా, మీ కోడలు మిమ్మల్నొక మాట అడగమంటంది," అంది. "రెండేళ్లబట్టి అడగాలనుకుంటందంట. భాష రాక అడగలేదంట."

దానమ్మ ఆమెని కిందనుంచి మీద దాకా చూసింది. "ఏటంట?"

"సాయంత్రం టీ తాగుతుంటే మీరు లేచి ఎల్లిపోతారంట. తన పక్కన కూకోడం మీకు ఇష్టం లేదా అని."

"ఓలమ్మ. ఇష్టం లేక ఎల్తానేటి? ఆ ఏలప్పుడు ఆళ్లమ్మకి పోన్ సేస్తాది గదా. నానుంటే మాటాడుకోడానికి మొగమాటమని లేచిపోతన్నాను."

సౌందర్య ఒడియాలో చెప్పింది. రేష్మ అత్తగారి వైపు చూసి, నవ్వబోయి, కళ్లు తుడుచుకుని ఏదో అంది.

"ఏటంటంది?"

"మీరు లేచిపోతే మాటాడ్డానికి ఎవరూ లేక ఆళ్లమ్మకి పోన్ సేస్తాదంట."

దానమ్మ రేష్మ చెయ్యి లాక్కుని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అలాగే పట్టుకుని కొడుకు వైపు తిరిగింది.

"రెండేళ్లు ఇంట్లో ఉండి నువ్వేటి సేస్తన్నావురా?"

రేష్మకి ఆ తెలుగు అర్థమైంది. ఒడియాలో జవాబిచ్చింది. సౌందర్య దాన్ని తెలుగులో చెప్పింది. "మరిది ఇంట్లో ఎప్పుడూ హెడ్‌ఫోన్లే పెట్టుకుంటాడంట."

ముగ్గురు ఆడవాళ్లూ అతన్ని చూసి నవ్వారు. దానమ్మే ముందు ఆపింది. తిరుమలరావు వైపు తిరిగి కొంగు సర్దుకుంది.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయిని మా సిన్నోడికి ఇస్తారా?"

"మా అమ్మాయి వారం కిందే సెప్పీసిందమ్మా," అన్నాడు తిరుమలరావు. "ఆళ్లమ్మగారు ఏటంటారో తేలకుండా నన్నడక్కమ్మా అన్నాను. ఇప్పుడు తేలింది గదా."

"తేలింది. శ్రావణంలో మాటాడుకుందాం. మీరోపాలి మా ఇంటికి రండి," అని దానమ్మ వాళ్ల ఇంటికి దారి చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఆమె ఆగిన చోటల్లా రేష్మ ఒడియాలో అందుకుంటోంది.

శ్యామసుందర్ వెళ్లి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. వాన తుంపర మోకాళ్ల మీద పడుతోంది. కొంచెంసేపటికి సౌందర్య వచ్చి పక్కన నిలబడింది.

"ఇక్కడ కూకున్నారేటి?"

"కాళ్లు వొనుకుతున్నాయి."

"అంతా అయిపోయాక ఇప్పుడా?"

"ఇప్పటిదాకా తీరిక దొరకలేదు."

"జరగండి," అని ఆమె కూడా కూర్చుంది.