ఇహ్సాన్ ఇంటికొచ్చిన పావురాల పళ్లెం

"ఊరందరికీ కవళ్ల చేపలు అమ్ముతారు. కన్నతల్లికి మాత్రం ఒట్టి తేనె నాకిస్తారా?"

అలెగ్జాండ్రియాలోని ఆ ఆసుపత్రిలో పథ్యం చెప్పే డాక్టరు నగ్లా అన్న మొదటి మాట అది. చేపల కొట్టు బహ్‌గత్‌కి ఒళ్లు మండింది.

"నేనా తిండి మానిపించింది డాక్టరమ్మా? రోగానికి మేత వెయ్యకూడదని ఎవరో చెప్పారట. కడుపు మాడిస్తే అదే చస్తుందని అమ్మ పంతం."

"నా ఒళ్లు, నా ఇష్టం" అంది పక్కనే కూర్చున్న తల్లి ఇహ్సాన్, తలగుడ్డ సర్దుకుంటూ.

నగ్లా ఆమె ముంజేతిని మెల్లగా పట్టుకుని, పిన్నిని పిలిచినట్టు పిలిచింది.

"ఖాలా, రొమ్ములో కణితి కంటే ముందు ఈ కండ కరిగిపోతోంది. లోపల వాపు రగులుతోందని రక్త పరీక్షలో తేలింది. మీరు తిండి మానేస్తే ఆ మంట మీ కండనే తింటుంది. ఇంకాస్త బరువు తగ్గితే కీమో వాయిదా వేస్తానన్నారు పెద్ద డాక్టరు. నేను వెయ్యనివ్వను."

"నువ్వెవరివే వెయ్యనివ్వకపోవడానికి?"

"దమన్‌హూర్ ఊరి పిల్లని. మొండిదాన్ని."

బహ్‌గత్‌కి నవ్వొచ్చింది. నగ్లా చూసేసరికి కిటికీ అవతలి వాన వైపు తిరిగాడు.

ఆ వారమంతా నగ్లా ఫోన్లే.

"తిన్నారా?"

"ఆ, కడుపునిండా."

"మీరు కాదు, అమ్మ!"

"అమ్మ వాసనే పడదంటోంది."

శుక్రవారం ప్రార్థన ముగిశాక నగ్లా తనే బహ్‌గత్ ఇంటికి వచ్చింది. దమన్‌హూర్‌లో వాళ్లమ్మ మిద్దె మీద పెంచే పావురాల్లో పచ్చి గోధుమ నూక కూరి వండి, పెద్ద పళ్లెంలో సర్ది, తెల్లగుడ్డ కప్పి, తలమీద పెట్టుకుని మెట్లెక్కింది.

కింది అంతస్తు అతియాత్ తలుపు తీసి చూసింది. అలాంటి పళ్లెం మెట్లెక్కేది ఒక్కందుకే. పెళ్లికూతురి వారు పెళ్లికొడుకు ఇంటికి పంపే విందది. అతియాత్ నాలుక ఆడిస్తూ సంబరంగా కూత పెట్టింది. పై అంతస్తు అందుకుంది. ఆపైన వీధంతా అందుకుంది.

"ఒరే బహ్‌గత్! మాకు చెప్పకుండా పెళ్లాడేశావుట్రా!" అని అరిచింది అతియాత్.

నగ్లా ముఖం ఎర్రబడింది. "అయ్యో, ఇది పథ్యమండీ!"

"పథ్యమేనమ్మా! పెళ్లికొడుక్కి ఇంతకంటే మంచి పథ్యం ఇంకేముంది?"

బహ్‌గత్ సర్దిచెప్పడానికి పరుగెత్తబోయాడు.

"ఆగరా" అంది ఇహ్సాన్. ఆ గొంతులో అంత జోరు విని ఎన్నాళ్లయిందో. "ఈ పళ్లెం తిప్పి పంపితే ఆ పిల్లకి అరిష్టం. నేను ముట్టకపోతే, కోడలి వంట అత్తకి నచ్చలేదని వీధి వీధంతా అనదూ?"

"అమ్మా, ఆవిడ కోడలు కాదు."

"నోర్మూసుకుని ఉప్పందుకో."

నగ్లా అప్పటికే తేరుకుంది. "నచ్చకపోతే రేపు మళ్లీ తెస్తాను ఖాలా. ఎల్లుండీ తెస్తాను."

"రోజూ కూత పెడితే అతియాత్ గొంతు పోతుందే" అంటూనే ఇహ్సాన్ ఓ తొడ విరిచింది. కళ్లు మూసుకుని నమిలింది. మరో ముక్క తీసుకుంది.

మర్నాటి నుంచి కొడుకు కాల్చిన కవళ్లు కూడా గొంతు దిగాయి.

బరువు చూసే రోజున ఇహ్సాన్ చెప్పులు విడిచి త్రాసెక్కింది. ముల్లు ఊగి ఊగి, కిందటిసారి కంటే కొంచెం పైనే ఆగింది.

"వాపు ఇంకా ఉంది. కానీ ఇవాళ కీమో ఎక్కిస్తారు" అంది నగ్లా.

లోపల తల్లికి సూది గుచ్చుతుండగా బహ్‌గత్ గుమ్మంలో నిలబడ్డాడు.

"అది పెళ్లి పళ్లెం కాదని వీధిలో చెప్పెయ్యనా?"

నగ్లా త్రాసుని తుడిచిందే తుడిచింది.

"వద్దు. అంతమందిని అబద్ధాలకోరుల్ని చెయ్యడం ఎందుకు?"

"పిల్లనడగడానికి దమన్‌హూర్‌కి ఎప్పుడెళ్దాం?" లోపలినుంచి ఇహ్సాన్ అరిచింది. "ఈసారి పళ్లెం నేను మొయ్యాలి. చేతుల్లో కండ కావాలి. ఒరే, ఆ కవళ్ల డబ్బా ఇలా ఇయ్యి!"